ఒక పేజీ దరఖాస్తు, ఎనిమిది నెలల పొరపాటు

పీహెచ్‌డీ దరఖాస్తు కోసం నేను రాసిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఏం పరిశోధించాలనుకుంటున్నామో, ఎందుకో చెప్పే ఒక పేజీ రాత) మొదటి ప్రతిలో పదకొండు యంత్రాల పేర్లు ఉన్నాయి. రియల్ టైమ్ పీసీఆర్, హెచ్‌పీఎల్‌సీ, ఫ్లో సైటోమీటర్, నానోడ్రాప్ అంటూ మూడేళ్ళలో నేను చేయి పెట్టిన ప్రతి పరికరాన్నీ వరుసగా పేర్కొని, చివరలో వైద్య పరిశోధనపై నాకు చిన్ననాటి నుంచీ అపారమైన ఆసక్తి ఉందని ముగించాను. మా గైడ్ మేడం దానిని సాంతం చదివి, ఎక్కడా ఒక్క అక్షరం దిద్దకుండా, అడుగున పెన్సిల్‌తో "ఇది కొటేషన్‌కు పంపే జాబితాలా ఉంది. ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అని రాసి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి నాకు ఆరు వారాలు పట్టింది. నాలాగే ఎమ్మెస్సీ తరువాత ప్రాజెక్టులో చేరి, ప్రయోగశాలలో కొన్నేళ్ళు గడిపి, ఇప్పుడు పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టుకోవాలని చూస్తున్నవారు విశాఖపట్నంలో చాలామంది ఉన్నారు కనుక, ఆ ఆరు వారాల సంగతి ఇక్కడ రాస్తున్నాను.

నేను పనిచేసింది సికిల్ సెల్ వ్యాధి మీద. నగరంలోని ఒక ప్రయోగశాలకు పాడేరు, పెదబయలు, ముంచింగిపుట్టు వైపు నుంచి రక్త నమూనాలు వచ్చేవి. ఈ వ్యాధికి మూలం చాలా చిన్న మార్పు. బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక అక్షరం మారడం వల్ల ప్రోటీన్ గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ వచ్చి చేరుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు అటువంటి హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవైన పోగులుగా మారి, గుండ్రటి ఎర్ర రక్తకణాన్ని కొడవలి ఆకారానికి లాగివేస్తాయి. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 7 కోట్ల మందికి పరీక్షలు జరపాలని, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకున్న తరువాత మన్యం ప్రాంతాల్లో పరీక్షలు బాగా పెరిగాయి. మా పని వాటికి అనుబంధమైన ఒక చిన్న పరిశోధన.

నన్ను పట్టుకున్న ప్రశ్న మాత్రం ఏ కార్యక్రమ పత్రంలోనుంచీ వచ్చింది కాదు. ఒకే ఇంటి నుంచి ఒక అక్క, ఒక తమ్ముడు వచ్చేవారు. ఇద్దరిలోనూ అదే మార్పు, ఇద్దరికీ తల్లి నుంచీ తండ్రి నుంచీ సంక్రమించినదే. తమ్ముడు రెండు నెలలకోసారి ఎముకల నొప్పులతో ఆసుపత్రిలో పడుతుంటే, అక్క కొండ దిగి వారపు సంతకు నడిచి వెళ్ళి వచ్చేది. పుట్టకముందు మనందరిలో ఉండే పిండ హిమోగ్లోబిన్, అంటే గామా గ్లోబిన్‌తో తయారయ్యేది, పుట్టిన మొదటి ఏడాదిలో క్రమంగా తగ్గిపోతుంది. కొందరిలో అది పూర్తిగా తగ్గకుండా మిగిలి, కొడవలి పోగులు అల్లుకోకుండా అడ్డుపడుతుంది. వైద్యులు ఇచ్చే హైడ్రాక్సీయూరియా ప్రధానంగా చేసే పని కూడా ఆ పిండ హిమోగ్లోబిన్‌ను పెంచడమే. అందువల్ల ఏ కుటుంబాల్లో గామా గ్లోబిన్ జన్యువు ఎక్కువగా పనిచేస్తున్నదో తెలుసుకోవడానికి రక్తం నుంచి ఆర్‌ఎన్‌ఏ (జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే దాని నకలు) తీసి, ఆ నకళ్ళు ఎన్ని ఉన్నాయో చూపే రియల్ టైమ్ పీసీఆర్‌లో కొలవడం నా బాధ్యత అయింది.

ఎనిమిది నెలల తరువాత నా చేతిలో ఒక ఫలితం ఉంది. పాడేరుకు అవతల, లోపలి మండలాల నుంచి వచ్చిన నమూనాల్లో గామా గ్లోబిన్ స్పష్టంగా ఎక్కువగా కనబడుతున్నది. దగ్గర గ్రామాల వారిలో ఆ పెరుగుదల లేదు. ఇక వ్యాసం రాయడమే తరువాయి అనుకున్నాను. ఒక్క లోపం ఉంది: అవే నమూనాలను, హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ మీద పెట్టి పిండ హిమోగ్లోబిన్ శాతం చూస్తే, రెండు ప్రాంతాల వారి మధ్య తేడా ఏమీ లేదు. "ఆర్‌ఎన్‌ఏలో పెరిగింది ప్రోటీన్‌లో ఎందుకు కనిపించడం లేదమ్మా?" అని మేడం రెండుసార్లు అడిగారు. ఆర్‌ఎన్‌ఏ ముందు మారుతుంది, ప్రోటీన్ తరువాత మారుతుంది అని నేను రెండుసార్లూ జవాబు చెప్పాను. ఆ జవాబు నాకే నచ్చింది. నచ్చిన జవాబు చేతిలో ఉన్నప్పుడు ఇంకో జవాబు వెతకబుద్ధి కాదు.

అసలు సంగతి బయటపడింది ఒక వర్షాకాలపు సాయంత్రం. నమూనాల ఐస్ డబ్బా రోజూ వచ్చే వేళకు రాలేదు. చీకటి పడ్డాక డ్రైవరు గారు దానిని తెచ్చి దించుతూ, "ఘాట్‌లో లారీ అడ్డం తిరిగిపోయిందమ్మా, మూడు గంటలు కదల్లేదు, ఐసంతా నీరైపోయింది" అన్నారు. మూత తీస్తే నిజంగానే ఊదా రంగు మూతల ట్యూబులు గోరువెచ్చని నీళ్ళలో తేలుతున్నాయి. పారేయడానికి మనసొప్పక వాటి నుంచీ ఆర్‌ఎన్‌ఏ తీశాను. ఆర్‌ఎన్‌ఏ శుభ్రతను కాంతితో కొలిచే నానోడ్రాప్‌లో 260/280 నిష్పత్తి 2కు దగ్గరగా, ఎప్పటిలాగే చక్కగా వచ్చింది. నాకు అనుమానం కలిగింది అక్కడే. అంత పాడైన నమూనాకు అంత మంచి అంకె రాకూడదు కదా అనిపించి, ఎన్నాళ్ళుగానో బద్ధకించి మానేసిన పని చేశాను. ఆర్‌ఎన్‌ఏను పొడవును బట్టి విడదీసి చూపే అగరోజ్ జెల్ పోసి, ఆ రోజు నమూనాలతో పాటు ఫ్రీజర్లోని పాత ఆర్‌ఎన్‌ఏలను కూడా నడిపి చూశాను. మంచి ఆర్‌ఎన్‌ఏ అయితే 28ఎస్, 18ఎస్ అనే రెండు పట్టీలు గీత గీసినట్టు నిలబడాలి. దగ్గర గ్రామాల లేన్లలో అవి నిలబడ్డాయి. లోపలి మండలాల లేన్లలో పైనుంచి కిందికి సున్నం జారినట్టు ఒక మసక చార తప్ప ఏమీ లేదు.

నానోడ్రాప్ నిష్పత్తి మనకు చెప్పేది ఆర్‌ఎన్‌ఏలో ప్రోటీన్ కలిసి ఉందా లేదా అన్నంత వరకే. ఆ ఆర్‌ఎన్‌ఏ నిండుగా ఉందా, ముక్కలైందా అన్నది దానికి తెలియదు. పాఠంగా నాకు ఈ విషయం ఎమ్మెస్సీ నాటి నుంచీ తెలుసు, కానీ నా పట్టికలో 1.9, 2.0 అనే అంకెలు వరుసగా కనబడుతుంటే వాటిని దాటి చూడలేదు. మరి ముక్కలైన ఆర్‌ఎన్‌ఏలో గామా గ్లోబిన్ తగ్గాలి గానీ పెరగడమేమిటి అన్నది తరువాతి చిక్కు. దాని ముడి నేను స్వయంగా ఎంచుకున్న ప్రైమర్లలో, అంటే పీసీఆర్‌లో ఏ ముక్కకు నకళ్ళు పెంచాలో నిర్ణయించే చిన్న డీఎన్‌ఏ తునకల్లో ఉంది. గామా గ్లోబిన్‌కు నేను వాడిన ప్రైమర్లు సుమారు 90 బేస్‌ల (జన్యు అక్షరాల) ముక్కను పెంచేవి. పోలిక కోసం తీసుకున్న జీఏపీడీహెచ్ జన్యువుకు పాత సీనియర్ ఒకరు వదిలి వెళ్ళిన ప్రైమర్లు 220 బేస్‌లకు పైగా ఉన్న ముక్కను పెంచేవి. ఆర్‌ఎన్‌ఏ విరిగిపోతున్న కొద్దీ పొడవాటి ముక్క చెక్కుచెదరకుండా మిగిలే అవకాశం త్వరగా తగ్గుతుంది, పొట్టి ముక్క ఇంకొంత కాలం నిలుస్తుంది. పోలికకు పెట్టుకున్న జన్యువు తగ్గిపోతే, దానితో భాగించిన గామా గ్లోబిన్ పెరిగినట్టు కనబడుతుంది. ఎనిమిది నెలలుగా నేను కొలిచింది జన్యువును కాదు, పాడేరు ఘాట్ రోడ్డు పొడవును.

నిర్ధారించుకోవడానికి చేసిన పరీక్ష చిన్నదే. నగరంలోనే, అనుమతి తీసుకుని, ఒకే వ్యక్తి నుంచి సేకరించిన రక్తాన్ని ఐదు ట్యూబులుగా విభజించి, వెంటనే ఒకటి, తరువాత 2, 4, 8, 12 గంటలకు ఒక్కొక్కటి చొప్పున ఆర్‌ఎన్‌ఏ తీశాను. రక్తం ఒక్కటే అయినా, పాత ప్రైమర్లతో చూస్తే గామా గ్లోబిన్ గంట గంటకూ పెరుగుతూ పోయింది. రెండు జన్యువులకూ దాదాపు ఒకే పొడవు గల ముక్కలను పెంచే కొత్త ప్రైమర్లు తెప్పించి కొలిస్తే ఆ మెట్లు చాలావరకు సమమయ్యాయి. ఆ తరువాత, లోపలి మండలాల్లో నమూనా తీసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే కణాలను, ఆర్‌ఎన్‌ఏ విరిగిపోకుండా కాపాడే ట్రైజాల్ అనే ద్రావణంలో కలిపి పంపే ఏర్పాటు జరిగింది. ట్రైజాల్‌లో ఫినాల్ అనే విష రసాయనం ఉంటుంది కనుక దానిని ఘాట్ మీదుగా పంపడానికి అనుమతులు, ప్యాకింగ్, అక్కడి సిబ్బందికి శిక్షణ అంటూ ఇంకో రెండు నెలలు గడిచాయి. అంతా అయ్యాక కొత్తగా కొలిచిన నమూనాల్లో దూరానికీ గామా గ్లోబిన్‌కూ సంబంధం మిగలలేదు. నా వ్యాసం పోయింది. అక్కకూ తమ్ముడికీ ఎందుకు తేడా ఉందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ మొదటి ప్రతిలో ఈ కథ ఒక్క ముక్క కూడా లేదు. దాచిపెట్టాలనే ఉద్దేశంతోనే రాయలేదని ఒప్పుకోవాలి. దరఖాస్తు అంటే మన విజయాలు పేర్చి చూపించడం అన్న భావన ఇంటర్మీడియట్ కాలం నాటి నుంచే మన తలలో దిగిపోయి ఉంటుంది. మేడం పెన్సిల్ రాత చదివిన తరువాత మూడు ప్రతులు రాసి చించేశాను. నాలుగో ప్రతిలో యంత్రాల పేర్లన్నీ తీసేసి, లారీ అడ్డం తిరిగిన రోజుతో మొదలుపెట్టి, జెల్ మీద ఏం కనిపించిందో, దానివల్ల ఏ ఫలితాన్ని వదులుకున్నానో, వదులుకున్నాక మిగిలిన ప్రశ్న ఏమిటో రాశాను. పేజీలో సగం దానికే సరిపోయింది. మిగతా సగంలో, బీసీఎల్11ఏ వంటి ప్రోటీన్లు గామా గ్లోబిన్‌ను అణచివేసే తీరు మన ప్రాంతపు కుటుంబాల్లో ఎలా మారుతున్నదో చూడాలన్న కోరికను, దానికి నేను దరఖాస్తు చేస్తున్న విభాగం ఎందుకు తగినదో రాశాను. ఎవరి ప్రయోగశాలలో చేరాలనుకుంటున్నామో వారి ఇటీవలి వ్యాసాలు రెండు మూడైనా శ్రద్ధగా చదవకుండా ఈ రెండో సగాన్ని రాయడం సాధ్యం కాదు. సంస్థ పేరు మాత్రం మార్చి అదే పేజీని పది చోట్లకు పంపితే చదివేవారికి తొలి పేరాలోనే తెలిసిపోతుంది.

ఇంకొక వాక్యం కూడా కొట్టేశాను. "భీమవరంలో పుట్టి హార్వర్డ్ దాకా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు గారి స్ఫూర్తితో" అన్న వాక్యం అది. తెలుగు నేల నుంచి ఈ రంగానికి దరఖాస్తు పెట్టే మాలాంటి వారిలో సగం మంది ఆయన పేరుతోనే మొదలుపెడతారేమో అనిపించి తీసేశాను. విచిత్రమేమిటంటే, ఆయన గురించి చెప్పవలసిన సరైన మాట నాకు దరఖాస్తు పంపిన తరువాత తట్టింది. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో మేమంతా చేసిన ఫిస్క్–సుబ్బారావు పద్ధతి, అంటే ఫాస్ఫరస్‌ను రంగు గాఢత బట్టి కొలిచే పద్ధతి, 1925లో వెలువడింది. కండరం నుంచి తీసిన ద్రవంలో ఆ రంగు రావలసినంత వేగంగా రాకపోవడాన్ని ఫిస్క్, సుబ్బారావు పద్ధతిలోని లోపంగా తోసిపారేయలేదు. ఆ ఆలస్యానికి కారణం వెతుకుతూ పోయి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. వారి విషయంలో కొలతలోని తేడా వెనుక ఒక కొత్త పదార్థం ఉంది, నా విషయంలో కరిగిన ఐసు ఉంది. పోలిక అంతటితో సరి.

దరఖాస్తు పద్ధతుల గురించి కొంత చెప్పాలి గానీ ఎక్కువ చెప్పను, అవి ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఉంటాయి. మన దేశంలో బయోమెడికల్ పీహెచ్‌డీకి ప్రధాన ద్వారం సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ అనే జాతీయ అర్హత పరీక్ష. 200 మార్కులు, మూడు గంటలు, తప్పు జవాబుకు కోత. పార్ట్ సీలో 75 ప్రశ్నల్లో 25 ఎంచుకుని రాయాలి, ఒక్కొక్కటి 4 మార్కులు. ప్రయోగశాలలో పనిచేసినవారికి అనుకూలించేది ఈ భాగమే. జెల్ బొమ్మ ఇచ్చి ఏం జరిగిందో చెప్పమంటే పుస్తకం ఒక్కటే చదివినవారు తడబడతారు. ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి), డీబీటీ (బయోటెక్నాలజీ విభాగం) వారికి వేరే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే పరిశోధన భృతి) పరీక్షలు ఉన్నాయి, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్ వంటి చోట్లకు జెగీబిల్స్ అనే ప్రవేశ పరీక్ష రాయవచ్చు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఇవి 2023 జనవరి నుంచి అమలులో ఉన్న మొత్తాలు. జేఆర్‌ఎఫ్ రాకపోయినా, 2024లో యూజీసీ చేసిన మార్పు ప్రకారం నెట్ మార్కులతో విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ ప్రవేశానికి పోటీపడవచ్చు. అక్కడ నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ ఇస్తారు. నేను మొదటిసారి జేఆర్‌ఎఫ్ గీతకు కాస్త కింద ఆగిపోయాను, రెండోసారి దాటాను. రోజంతా పీసీఆర్ ప్లేట్లు నింపి, రాత్రి సిరిపురం దగ్గర అద్దె గదిలో పార్ట్ ఏ లెక్కలు చేసుకున్న ఆ ఏడాది గురించి తీరిగ్గా తలచుకోవాలని కూడా లేదు.

సిఫారసు లేఖల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక చేస్తాను. నేను ముందుగా పనిచేసిన మరొక చోట ఒక పెద్దాయన, "నువ్వే రాసుకుని తీసుకురామ్మా, సంతకం పెడతాను" అన్నారు. మనలో చాలామందికి ఇది అనుభవమే. అటువంటి లేఖ మర్యాదగా ఉంటుంది, బరువు మాత్రం ఉండదు. ఎందుకంటే మనల్ని మనం పొగుడుకునేటప్పుడు కష్టజీవి, నిజాయితీపరురాలు అనే మాటలు దాటి మన కలం పోదు. మా మేడం రాసిన లేఖను నేను చూడలేదు, చూడకూడదు కూడా. అయితే ఇంటర్వ్యూలో ప్యానెల్ సభ్యులు నన్ను అడిగిన తీరు బట్టి, జెల్ సంగతి ఆమె కూడా తన వైపు నుంచి రాసి ఉంటారని ఊహించాను. లేఖ రాసేవారికి మన నోట్‌బుక్‌లో ఏముందో తెలిసి ఉండాలి. పదవి ఎంత పెద్దదన్నది ఆ తరువాతి విషయం.

అమెరికాకు కూడా రెండు దరఖాస్తులు పెట్టాను. అక్కడ చాలా బయోమెడికల్ కార్యక్రమాలకు గడువు డిసెంబరు నాటికి ముగుస్తుంది, మొదటి ఏడాది రెండు మూడు ప్రయోగశాలల్లో కొద్ది వారాల చొప్పున తిరిగి ఆ తరువాతే గైడ్‌ను ఎంచుకుంటారు, చాలా చోట్ల జీఆర్‌ఈ పరీక్ష మార్కులు అడగడం మానేశారు. రెండు చోట్ల నుంచీ మర్యాదైన తిరస్కారాలు వచ్చాయి. దరఖాస్తు రుసుములు మా నాన్న గారికి చెప్పని ఖర్చుల ఖాతాలో చేరాయి.

హైదరాబాదులోని ఒక సంస్థ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారి సికింద్రాబాదులో దిగి, స్టేషన్ విశ్రాంతి గదిలోనే తయారై వెళ్ళాను. నేను చేసిన పద్ధతులన్నీ మళ్ళీ చదివాను గానీ, వారు వాటి గురించి దాదాపు ఏమీ అడగలేదు. మొదటి ప్రశ్న: "హెచ్‌పీఎల్‌సీ ఫలితం ఎనిమిది నెలలుగా మీ ముందే ఉంది కదా, ఎందుకు నమ్మలేదు?" మేడం అడిగినదే, ఈసారి ఐదుగురు మనుషుల ముందు. ఆర్‌ఎన్‌ఏ ముందు మారుతుందన్న నా పాత జవాబు తప్పు కాదనీ, కాని ఆ జవాబును పరీక్షించే ప్రయోగం ఒక్కటి కూడా చేయకుండా దానిని వాడుకున్నాననీ చెప్పాను. తరువాత ఒకరు కాగితం ఇచ్చి, మళ్ళీ మొదటి నుంచి ఆ అధ్యయనం చేయవలసి వస్తే ఏయే కంట్రోళ్ళు (పొరపాటును పట్టుకునే పోలికలు) పెడతారో గీసి చూపమన్నారు. సేకరణ సమయం, ఆర్‌ఎన్‌ఏ తీసిన సమయం అనే రెండు గడులు మొదట గీశాను. ఇంకొకరు జన్యువు మెథిలేషన్ గురించి అడిగిన ప్రశ్నకు తెలియదని చెప్పాను. అది నిజంగానే తెలియదు. నలభై నిమిషాలు పట్టింది. బయటికి వచ్చాక ఎలా జరిగిందో నాకే అర్థం కాలేదు, ఉప్పల్ రోడ్డు మీద ఒక టిఫిన్ సెంటర్లో కూర్చుని చల్లారిన ఇడ్లీలు తిన్నాను.

మూడు వారాలకు జాబితా వచ్చింది. అందులో నా పేరు ఉంది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ముందు సంతోషించి, వెంటనే, "ఐదేళ్ళంటే నీకు ముప్పై రెండు వస్తాయి కదే" అంది. అమ్మ లెక్క తప్పు కాదు. ఆ సంభాషణ ఇంకా ముగియలేదు, ఈ ఆదివారం కొనసాగుతుంది.

ప్రస్తుతం ప్రయోగశాలలో నా పని అప్పగింతలు. మైనస్ 80 ఫ్రీజర్లో నా అరలోని డబ్బాలన్నింటికీ పేర్లు మళ్ళీ రాస్తున్నాను. పాత మార్కరు రాతలు మంచుకు చెరిగిపోయి సగం చదవడానికి వీలు కాకుండా ఉన్నాయి. పాడైన ఆర్‌ఎన్‌ఏ గొట్టాలను పారేయాలా అని కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. వద్దన్నాను. వాటికి వేరే డబ్బా పెట్టి, మూత మీద ప్రతి నమూనా ఎన్ని గంటలకు చేరిందో రాసి, పెదబయలు నుంచి వచ్చినవి పై వరుసలో సర్దాను.